పళ్ళ డాక్టరమ్మ హ్యాండ్‌బ్యాగు

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మా మామయ్య కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకన్ను ఎప్పట్నుంచో మసకే. "ఆరు వారాలు తల వంచకూడదు, బరువెత్తకూడదు, కంటికి శ్రమ పెట్టకూడదు" అన్నాడు కంటి డాక్టరు. మామయ్య పనిలో ఆ మూడూ తప్ప నాలుగోది లేదు. బజారు మలుపులో తోలు సామాన్లు బాగుచేసే కొట్టు ఆయనది. బ్యాగులు, బెల్టులు, చెప్పులు, సూట్‌కేసులు. నలభై ఏళ్ళుగా తల వంచి కుట్టడమే.

"ఆరు వారాలు కొట్టు మూసేద్దాం" అంది అత్తయ్య.

"వానాకాలంలోనా!" మామయ్య మంచం మీంచి లేవబోయారు. "జిప్పులు తుప్పు పట్టేది ఇప్పుడు, చెప్పులు తెగేది ఇప్పుడు, బ్యాగులు బూజు పట్టేది ఇప్పుడు. ఇప్పుడు మూస్తే ఇంకెప్పుడు తెరుస్తామే?"

"ముందు పడుకోండి. తల వంచొద్దన్నారు."

"వంచలేదు. ఎత్తాను."

మా ఆయన బస్సు కండక్టరు. ఆయనకి సెలవు దొరకదు. గదిలో అందరూ చూడాల్సిన చోట్లన్నీ చూసేశాక, ఇంక ఎవరూ చూడని చోట నేనున్నాను. పాపకి అన్నం పెడుతూ, "నేను కూచుంటాను" అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఎందుకంటే నాకు భయం జాస్తి. గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకుంటాను. మా బుడంకాయ, అంటే మా పాప, పదిహేను నెలలది, కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెడతాను. అది లేచి ఏడిస్తే, ఎందుకు లేపానా అని నేనూ ఏడుస్తాను. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. అప్పట్నుంచీ ఎవరైనా కాగితం ఇచ్చి రాయమంటే చేతికి చెమట పడుతుంది. కానీ పెళ్ళయ్యాక రోజూ కొట్టుకి క్యారేజీ తీసుకెళ్ళి, మామయ్య తిని చెయ్యి కడుక్కునేలోపు మెషిను దగ్గర కూచోవడం అలవాటైంది. ముందు జిప్పులు మార్చడం, తర్వాత లోపలి గుడ్డ వేయడం. ఆ మెషిను ముందు మాత్రం నాకు భయం వేయదు. అదెందుకో ఇప్పటికీ తెలీదు.

"పాలు మానని పిల్లని వదిలేసి కొట్టులో కూచుంటావా?" అంది అత్తయ్య.

"మీరున్నారు కదత్తయ్యా."

పొగిడానో పని అంటగట్టానో తేల్చుకోలేక అత్తయ్య కాసేపు నన్నే చూసింది. చివరికి వేలు చూపించింది. "ఆరు వారాలు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళొచ్చి పని పాడు చేశారన్నా ఆ రోజే నువ్వు ఇంటికి. అది ఆయన నలభై ఏళ్ళ పేరు."

బయల్దేరే ముందు మామయ్య పిలిచారు. కంటి మీద తెల్లటి మూత పెట్టుకుని, పైకప్పుకేసి చూస్తూ మాట్లాడారు.

"ఒకటి గుర్తుపెట్టుకో అమ్మాయ్. వచ్చిన వస్తువు అసలుదా నకిలీదా అన్న మాట మన కొట్టులో అనకూడదు. ఎవరడిగినా సరే."

"ఎందుకు మామయ్యా?"

"చాన్నాళ్ళ కిందట ఒకాయన బెల్టు తెస్తే, ఇది తోలు కాదండీ, అట్టకి రంగేశారు అన్నాను. అది ఆయన మామగారు పెట్టింది. ఆయన భార్య పక్కనే ఉంది."

"తర్వాతేమైంది?"

"ఏముంది? వచ్చేటప్పుడు ఒకే గొడుగు కింద వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది, ఆయన తడుస్తూ వెళ్ళాడు. బెల్టు నా దగ్గరే ఉండిపోయింది."

రెండో రోజుకే నాకు ఆశ పుట్టింది. మామయ్య ముక్కాలిపీట మీద కూచుంటే ఎదురుగా బజారంతా కనిపిస్తుంది. జనం నా దగ్గరికి తెగిన వస్తువు తెచ్చి, అతికిన వస్తువు తీసుకుని వెళుతున్నారు. ఇంట్లో పొద్దున్న తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్ళీ తోమాలి. ఇక్కడ వేసిన జిప్పు వేసినట్టే ఉంటుంది. ఆరు వారాలయ్యాక కూడా ఇక్కడే ఒక మూల చోటుంటే బావుండునని అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి మాత్రం చెప్పాను.

"అమ్మని అడుగు" అన్నాడాయన.

"మీరు అడగండి."

"నేనా? రద్దీ బస్సులో టిక్కెట్లు కొట్టమను, కొడతాను. అమ్మతో నా వల్ల కాదే."

మూడో వారం ఒక మధ్యాహ్నం, జోరు వానలో ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో గొడుగుంది కానీ మనిషి నిలువునా తడిసింది. గొడుగంతా చంకలో తువ్వాలు చుట్టిన మూటకి పట్టింది. ఎదురు వీధిలోని పళ్ళ డాక్టరమ్మ. వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం నాకు ఒక్కదానికే వినపడేలా మాట్లాడింది.

తువ్వాలు విప్పింది. లోపల హ్యాండ్‌బ్యాగు. బెల్లం రంగు తోలు, నున్నగా, వేలు పెడితే వేలి గుర్తు పడుతుందేమోనని భయం వేసేలా ఉంది. మీద బంగారు అక్షరాల్లో ఏదో పేరు. చదవబోయి మూడో అక్షరం దగ్గరే ఆగిపోయాను. రెండు పట్టీలు, వాటి నాలుగు కొసలూ నాలుగు తోలు నాలుకలతో బ్యాగుకి కుట్టి ఉన్నాయి. అందులో ఒక నాలుక సగం ఊడి వేలాడుతోంది.

"మా ఆయన కొనిచ్చాడమ్మా" అంది. "పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు. నేను అడక్కుండా తెచ్చిన మొదటి వస్తువిది. ఎలాంటి మనిషంటే, నా దగ్గర ఊరికే వస్తాయని పళ్ళు తోముకునే బ్రష్షు కూడా కొనడు."

"చాలా బావుందండీ."

"బావుంది. మా చెల్లెలు చూసి పకపకా నవ్వింది. 'అక్కా, ఇది నకిలీ. బావని ఎవరో ముంచేశారు' అంది. అప్పట్నుంచీ భుజాన వేసుకుంటే ఇందులో బండరాయి ఉన్నట్టుంది. ఆయన్ని అడగలేను. నువ్వు ఈ పట్టీ కుట్టు. కుడుతూ చూసి, అసలుదో కాదో నా చెవిలో చెప్పు."

మా కొట్టులో ఆ మాట అనమండీ అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "చూస్తానండీ" అన్నాను.

ఆవిడ వీధి దాటిందో లేదో పక్క కొట్టు తాళాలాయన మెడ చాచాడు. తాళాలు బాగుచేసే మనిషికి ఎక్కడ ఏ తలుపు తెరుచుకున్నా ఇట్టే తెలిసిపోతుంది.

"చెల్లెమ్మా, దాని ధర తెలుసా? అసలుదే అయితే దాంతో నా కొట్టూ మీ కొట్టూ కొనేసి, మనిద్దర్నీ పనికి పెట్టుకోవచ్చు."

"అన్నయ్యా, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?"

ఆయనకి తెలియనిది లేదు. తెలియకపోయినా చెబుతాడు. "కుట్టు చూడు. అంతే. అసలు సరుకైతే కుట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఒక్కటి వంకర ఉన్నా నకిలీయే. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు."

బ్యాగుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ప్రతి కుట్టూ వాలుగా ఉంది. గాలికి ఒకవైపు ఒరిగిన గడ్డిలా, నాలుగు నాలుకల మీదా అన్నీ వాలే ఉన్నాయి.

పాపం డాక్టరమ్మ. ముప్ఫై ఏళ్ళకి ఒక్క బ్యాగు. అదీ నకిలీ.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. నాకు భయంతో పాటు జాలి కూడా జాస్తే. ఆవిడ మనసు ఎందుకు నొప్పించాలి, ఊడిన నాలుక ఎలాగూ కుట్టాలి కదా, ఆ చేత్తోనే మిగతావి కూడా తిన్నగా చేసేస్తే, ఇంకెవరు చూసినా అసలుదే అంటారు కదా అనుకున్నాను. బ్లేడు తీసుకుని, ఊడిన నాలుకకి మిగిలిన పాత కుట్లు కూడా ఒక్కొక్కటే తెగ్గోసేశాను. మెషిను మీద పెట్టి, దాని రంగు దారమే వేసి, గీత గీసినట్టు కుట్టాను. అంత తిన్నని కుట్టు నేను అదివరకు వేయలేదు. మురిసిపోయాను. తెగిన దారం ముక్కలు ఊడ్చి బయట నీళ్ళలో పారేశాను. మిగతా మూడూ రేపు చేద్దామని బ్యాగు మూట కట్టాను.

సాయంత్రం డ్యూటీ దిగి మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. భుజానున్న కండక్టరు సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. రోజూ చూసే సంచీయే. ఉద్యోగంలో చేరినప్పుడు మామయ్య చేత్తో కుట్టిచ్చింది. దాని మీద కుట్టు చూశాను. అన్నీ వాలుగా ఉన్నాయి.

"ఏవండీ, మామయ్య కుట్టు ఇలా వంకరగా ఉందేంటి?"

"వంకరేంటే? చేతికుట్టు వాలే ఉంటుంది. తిన్నగా వచ్చేది మెషిను మీద. చిన్నప్పట్నుంచీ వింటున్నాను, చేతికుట్టు ఒక చోట తెగినా తక్కినది పట్టుకునే ఉంటుందట. పెద్ద పెద్ద కంపెనీల బ్యాగులన్నీ అలాగే కుడతారని నాన్న..."

ఆయన ఇంకా చెబుతున్నాడు. నాకు కొట్టు మొత్తం ఒకసారి గిర్రున తిరిగింది.

నకిలీదాన్ని అసలుదిగా మారుద్దామనుకుని, అసలుదాన్ని నకిలీగా మార్చి కూచున్నాను. రెండు కొట్లు, మేమిద్దరం, అన్నీ కలిపిన ధర. బ్లేడుతో.

"కూచో, కూచో" అన్నాడు మా ఆయన. నీళ్ళు తాగించి, సంగతి విన్నాడు. మూట విప్పి చూశాడు. "కుట్టు మాత్రం భలే తిన్నగా వేశావే" అన్నాడు. నేను ఏడ్చేసేసరికి ఊరుకున్నాడు.

మర్నాడు అత్తయ్య పాపకి నీళ్ళు పోస్తున్నప్పుడు బ్యాగు తీసుకెళ్ళి మామయ్య ఒళ్ళో పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన బొటనవేలితో నేను కుట్టిన నాలుకని తడిమారు.

"ఊడదీసేటప్పుడు దారం ఎలా వచ్చింది? ఒక కొస లాగితే జరజరా వచ్చేసిందా, మొండికేసిందా?"

"చూళ్ళేదు మామయ్యా. బ్లేడుతో కోసేశాను."

"ముక్కలేవీ?"

"వానలో పారేశాను."

ఆయన వేలు మిగతా మూడు నాలుకల మీదికి వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు. "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఏంటో నాకు అర్థం కాలేదు.

"నేను కుట్టలేను. చూపు లేదు" అన్నారు. "నువ్వే కుట్టాలి. చేత్తో."

"నాకు రాదు కదా మామయ్యా."

"రాదు కాబట్టే నేర్చుకోవాలి. ఆవిడకి శనివారం రమ్మని చెప్పు."

అత్తయ్యకి తెలియకుండా నేర్చుకోవాలి. తెలిస్తే ఆ రోజే నేను ఇంటికి. అందుకని ఆ వారం మా ఇంట్లో కూరగాయలు రోజూ పొద్దున్నే అయిపోవడం మొదలైంది. జన్మలో గుమ్మడికాయ ముట్టని మనిషి, "ఎందుకోనే, గుమ్మడికాయ మీదికి పోతోంది మనసు" అన్నారు మామయ్య. అత్తయ్య పాపని చంకనేసుకుని, ఆపరేషను కంటికి చేశారా బుర్రకి చేశారా అనుకుంటూ బజారుకి వెళ్ళేది. ఆవిడ వెళ్ళి వచ్చేలోపు గంట మాది. ఆ తర్వాతే నేను కొట్టు తెరిచేదాన్ని.

చేతికుట్టు చూడ్డానికి తేలిక. ఒకే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. దారానికి మైనం పట్టించాలి. కుట్టే తోలుని మోకాళ్ళ మధ్య చెక్క పట్టుతో బిగించుకోవాలి. ఆరతో చిల్లు పొడిచి, ఆ ఒక్క చిల్లులోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటించి, రెండు చేతులతో ఒకే బలంతో లాగాలి. ఒక చెయ్యి ఎక్కువ లాగితే కుట్టు అటు ఒరుగుతుంది. ఆర అంటే చిల్లులు పొడిచే ఇనప మొన. మొదటి రోజు అది తోలు కంటే నా వేలినే ఎక్కువసార్లు పొడిచింది.

మామయ్య చూడలేరు కాబట్టి విన్నారు. గోడకి జారబడి, గడ్డం పైకెత్తి, నేను దారం లాగే చప్పుడు వినేవారు.

"ఎడమచేతి దారం బద్ధకంగా ఉంది. మళ్ళీ."

లాగేదాన్ని.

"ఇప్పుడు కుడిచెయ్యి కోపంగా ఉంది. ఎవరి మీద? అత్తయ్య మీదా?"

"అయ్యో, కాదు మామయ్యా."

"అయితే నెమ్మదిగా లాగు. రెండూ ఒకేసారి 'సర్' అనాలి. చప్పుడు ఒక్కటే రావాలి."

మూడో రోజుకి పది కుట్లకి ఒకసారి ఒక్కటే చప్పుడు వచ్చింది. నాలుగో రోజుకి నాలుగిటికోసారి. ఐదో రోజు చెత్త తోలు మీద జానెడు కుట్టాక, మామయ్య ఏమీ అనలేదేంటా అని తలెత్తి చూశాను. నిద్రపోతున్నారు. నిద్రపోయేంత బాగా వినిపించిందన్నమాట. ఆ రోజంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. పెళ్ళినాడు హారతి పళ్ళెం వొలికిపోతుందేమోనని భయపడుతూ కూచున్నాను.

ఆరో రోజు బ్యాగు. మెషిను కుట్టు విప్పి, దాని చిల్లుల మీద తడిగుడ్డ వేసి, చెంచా వెనకవైపుతో మెల్లగా రుద్దమన్నారు. తడి తగిలితే తోలు చిల్లు నోరు మూసుకుంటుందట. చాలావరకు మూసుకుంది. తర్వాత పాత చిల్లులు వెతుక్కుంటూ ఒక్కొక్క కుట్టే వేశాను. మొత్తం ఇరవై ఆరు. ఇరవై ఆరోది లాగి ముడి వేశాను.

"చెప్పాలా మామయ్యా ఆవిడకి?"

ఆయన నాలుకని వేలితో తడిమారు. చాలాసేపు తడిమారు. "అది నన్నడక్కు. పీట మీద కూచున్నది నువ్వు" అన్నారు.

నాకు ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది. వద్దు అని ఒక్క మాట అంటే హాయిగా ఉండేది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే డాక్టరమ్మ గొంతు ఎలాంటిదో వీధికంతా తెలుసు. ఆవిడ ఒక్క అరుపు అరిస్తే నా ముక్కాలిపీట పోయినట్టే.

శనివారం డాక్టరమ్మ వచ్చింది. ఆ రోజే బుడంకాయ నాకోసం రాగం తీస్తోందని అత్తయ్య దాన్ని ఎత్తుకుని కొట్టుకి వచ్చి కూచుంది. పక్కనుంచి తాళాలాయన మెడ కూడా వచ్చింది. ఇంక రావాల్సినవాళ్ళు ఎవరూ లేరు.

డాక్టరమ్మ బ్యాగు తీసుకుంది. పట్టీ రెండుసార్లు గట్టిగా లాగి చూసింది, పన్ను కదులుతోందా అని చూసినట్టు. "బావుంది. మరి రెండోది?" అని చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది.

"డాక్టర్ గారూ, అది నాకు తెలీదు" అన్నాను. "ఇంకోటి చెప్పాలి. దీని కుట్టు వంకరగా ఉందనుకుని, బాగున్న కుట్టు కూడా కోసేసి మెషిను మీద వేశానండీ. అది తప్పని తర్వాత తెలిసింది. మళ్ళీ విప్పి చేత్తో కుట్టాను. ఇది అసలుదే అయి ఉంటే దాని కుట్టు నేను పాడుచేశాను. పారేసిన దారం కూడా లేదు."

ఒక్క అరుపూ రాలేదు.

"నాలుగింట్లో నువ్వు కుట్టింది ఏది?" అంది డాక్టరమ్మ.

నేను చూపించబోతే చెయ్యి అడ్డుపెట్టి, తనే బ్యాగు తిప్పి తిప్పి చూసింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టి చూసింది. చివరికి ఒకటి పట్టుకుని, "ఇదేగా? ఇదే కాస్త తేడాగా ఉంది" అంది.

అది కాదు.

"సరే. చూస్తాను" అని బ్యాగు తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఏం చూస్తుందో చెప్పలేదు.

తాళాలాయన మెడ లోపలికి పోయింది. అత్తయ్య అక్కడే నిలబడి ఉంది.

"నువ్వు చెప్పకపోతే ఆవిడకి తెలిసేదా?" అంది.

"తెలిసేది కాదత్తయ్యా."

"మరెందుకు చెప్పావు?"

"బ్యాగు ఆవిడది కదత్తయ్యా."

అత్తయ్య పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే ఆ గుమ్మడికాయలు ఇందుకా?" అంది.

తర్వాత రెండు వారాలు నేను ఎలా ఉన్నానో చెప్పలేను. వీధిలో గొడుగు కనపడితే చాలు, దాని కింద డాక్టరమ్మ ఉందేమోనని మెషిను ఆపేసి చూసేదాన్ని. పంటి నొప్పితో ఎవరైనా మా ముందునుంచి వెళితే, లోపల నా గురించి చెప్పుకుంటారేమో అనిపించేది. అత్తయ్య ఇంటికి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. "ఆవిడ మళ్ళీ రావాలిగా" అనేది. నేను జిప్పులు వేస్తూ, చెప్పులు అతికిస్తూ, మిగిలిన రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆరు వారాలూ అయిపోయాయి. సోమవారం మామయ్య కొత్త కళ్ళజోడు పెట్టుకుని కొట్టుకి వచ్చారు. "అబ్బా, ఈ గోడ ఇంత మురికిగా ఉందా!" అన్నారు. తాళాలాయన్ని చూసి, "నువ్వేంట్రా ఇంత ముసలాడివయ్యావు?" అన్నారు. ముక్కాలిపీట మీద కూచుని, ఆర ఎక్కడుందో చూడకుండానే చెయ్యి పెట్టి తీసుకున్నారు. అత్తయ్యా నేనూ పాపా ఆయన్ని దిగబెట్టడానికి వచ్చాం. దిగబెట్టేశాం. ఇంక ఇంటికి వెళ్ళాలి. నేను పాపని ఎత్తుకుని ఊరికే జిప్పుల డబ్బా సర్దుతున్నాను. సర్దడానికి అందులో ఏమీ లేదు.

అప్పుడు వీధి అవతల్నుంచే గొంతు వినిపించింది. ఈసారి అసలు గొంతు.

"ఏదీ ఆ అమ్మాయి?"

డాక్టరమ్మ రోడ్డు దాటి వచ్చి, బ్యాగు బల్ల మీద పెట్టి, ఫోను తీసింది. ఫొటోలు పంపితే అసలుదో నకిలీదో పరీక్షించి చెప్పేవాళ్ళు ఉంటారట. బ్యాగు నాలుగు పక్కలా తీసి పంపిందట. జవాబు వచ్చిందట.

"వినండి, అందరూ వినండి" అని గట్టిగా చదివింది. "'పట్టీల మొదలు నాలుగు చోట్లా పరిశీలించాం. మూడు చోట్ల కుట్టు వాలుగానే ఉన్నా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది. ఇది చేతికుట్టులా కనిపించేలా మెషిను మీద వేసింది.' ఇక్కడ విను అమ్మాయ్. 'నాలుగోది మాత్రం నిస్సందేహంగా అసలైన చేతికుట్టు. చాలా ఏళ్ళ అనుభవమున్న పనివాడు కుట్టినది. కాబట్టి ఈ బ్యాగు సంగతి మేము తేల్చి చెప్పలేకపోతున్నాం.'"

తర్వాత డాక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. తాళాలాయన నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా బుడంకాయ కూడా చప్పట్లు కొట్టింది.

"చాలా ఏళ్ళ అనుభవమట!" అంది డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఆరు రోజులండీ" అన్నాను.

నేను మామయ్యకేసి చూశాను. ఆయన కళ్ళజోడు తీసి శ్రద్ధగా తుడుచుకుంటున్నారు.

"మామయ్యా, మీకు ఆ రోజే తెలుసు కదా? వేలు పెట్టినప్పుడే."

"ఆ మాట మన కొట్టులో అనకూడదన్నానా లేదా?" అన్నారు.

డాక్టరమ్మ బ్యాగుని నా వైపు తోసింది. "మా ఆయన మోసపోతే పోయాడు. మోసపోయేంత ధైర్యం చేశాడు ముప్ఫై ఏళ్ళకి, అది చాలు నాకు. దీన్నే వేసుకుంటాను, మా చెల్లెలి ఇంటికే వేసుకెళతాను. అయితే ఈ మిగతా మూడు కూడా కోసేసి చేత్తో కుట్టు."

మామయ్య చెయ్యి చాచారు. "ఇటివ్వండి. ఇప్పుడు కన్ను బావుంది, నేను..."

"మీరు కాదండీ. ఈ అమ్మాయే కుట్టాలి. నాలుగూ ఒకే చేతివి ఉండాలి."

నేను అత్తయ్యకేసి చూశాను. అత్తయ్య డాక్టరమ్మకేసి చూసింది, బ్యాగుకేసి చూసింది, నా చంకలోని పాపకేసి చూసింది.

"దాన్నిలా ఇవ్వు" అని పాపని లాక్కుంది. "పిల్లని పట్టుకుని ఎలా కుడతావు? రెండు చేతులూ కావాలిగా దానికి."

అంతే. వీధిలోకి దిగాక మాత్రం పాపతో, "మీ అమ్మకి మధ్యాహ్నం క్యారేజీ మనమే తేవాలేమోనే" అనడం నాకు వినిపించింది.

మామయ్య ముక్కాలిపీట కాస్త లోపలికి జరుపుకుని, గోడవారగా ఉన్న పాత పెట్టెని కిటికీ దగ్గరికి లాగారు. "వెలుతురులో నువ్వు కూచో" అన్నారు. "కొత్తగా కుట్టేవాళ్ళకి వెలుతురు కావాలి."

నేను చెక్క పట్టు మోకాళ్ళ మధ్య బిగించి, దారానికి మైనం రాశాను. రెండో నాలుక మీద ఏడు కుట్లు వేశానో లేదో, ఒక పెద్దమనిషి గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. పెట్టె ఒకటి మామయ్య ముందు పెట్టి, "వచ్చేశారా, బతికించారు. దీని పిడి చూడండి, ప్రయాణం మధ్యలో చేతికొచ్చేసింది" అన్నాడు.

మామయ్య తన పని మీంచి తల ఎత్తలేదు.

"అమ్మాయికి చూపించండి" అన్నారు.